ఆల్బమ్ అంటే ఒక్క పాటేనా? ఫోన్ స్పీకర్, బడ్స్, వైర్డ్ ఇయర్‌ఫోన్స్‌లో మన ఇండీ పాటలు

జగిత్యాలలో ఎవరినైనా "ఈ మధ్య కొత్త ఆల్బమ్ ఏం విన్నవ్?" అని అడగండి. యూట్యూబ్ తెరిచి ఒక్క పాట చూపిస్తారు. నాలుగైదు నిమిషాల వీడియో. పొలం గట్టు, పాత పెంకుటిల్లు, ఇద్దరు డ్యాన్సర్లు, మధ్యలో రెండు డ్రోన్ షాట్లు. మన దగ్గర దాని పేరే "ఆల్బమ్ సాంగ్". సినిమాది కాని పాట ఏదైనా ఆల్బమే. మిగతా చోట్ల ఇండీ పాప్ బ్యాండ్ కొత్త ఆల్బమ్ అంటే ఎనిమిదో పదో పాటలు, వాటికో వరుస, మొదటి నుంచి చివరి దాకా కూర్చుని వినేది.

ఈ తేడా మీద నాకు చాలా రోజులుగా ఒక డౌట్ ఉంది. మన ఇండీ పాటలు వినడానికి చేస్తున్నారా, చూడటానికి చేస్తున్నారా? తేల్చుకుందామని ఒక ప్లేలిస్టు చేసుకున్నా. చౌరస్తా బ్యాండ్ పాటలు, మన వైపు హిట్టయిన ఫోక్ పాటలు, పోలికకి 'బలగం' సినిమా పాటలు. స్క్రీన్ ఆఫ్ చేసి, బొమ్మ లేకుండా, మూడు చోట్ల విన్నా: కోరుట్లలో ఫోన్ స్పీకర్ మీద, సిరిసిల్లలో ఏఎన్‌సీ ఉన్న 2 వేల రూపాయల బడ్స్‌తో, జగిత్యాలలో ఇంట్లో టైప్-సీ డాంగిల్‌కి పెట్టిన మామూలు వైర్డ్ ఇయర్‌ఫోన్స్‌తో. ఏ కంపెనీ బడ్స్ కొనాలో చెప్పే రివ్యూ కాదిది. ఆ బడ్స్‌లో మనం వింటున్నదాని రివ్యూ.

చౌరస్తా ఎందుకు?

తెలుగులో బ్యాండ్ అనగానే చాలామందికి ముందు గుర్తొచ్చే పేరు అదే. హైదరాబాద్ కుర్రాళ్ళు. రామ్ మిరియాల, యశ్వంత్ నాగ్ గొంతులు మీలో చాలామందికి తెలుసు. జానపదం లాంటి మాటలకి రెగే రిథమ్ జోడించడం వీళ్ళ స్టైల్. 'మాయ', 'ఊరెళ్ళిపోతా మామ' పాటలు కాలేజీ హాస్టళ్ళలో ఎంత తిరిగాయో చెప్పక్కర్లేదు. 2020లో కరోనా మొదలైనప్పుడు జాగ్రత్తలు చెబుతూ వాళ్ళు చేసిన పాట అందరి వాట్సాప్‌లకీ చేరింది. తర్వాత రామ్ మిరియాల సినిమాల్లోకి వెళ్ళాడు. 2021లో 'జాతిరత్నాలు'లో చిట్టి పాట పాడాడు. 2022లో 'డీజే టిల్లు' టైటిల్ సాంగ్‌కి ట్యూన్ కట్టి తనే పాడాడు.

'మాయ', 'ఊరెళ్ళిపోతా మామ' వెనకా ముందూ పెట్టి వింటే ఒక విషయం తెలుస్తుంది. ఈ పాటల్లో తొందర లేదు. గొంతు ఒక వాక్యం పాడి ఆగుతుంది. ఆ ఖాళీలో గిటార్ వస్తుంది, లేదా ఏమీ రాదు. 'మాయ'లో మన తత్వాల వాసన ఉంటుంది. రెండోది పట్నంలో ఉన్నవాడు ఊరి గురించి పడే బెంగ. ఇంటికో మనిషి గల్ఫ్‌లో ఉన్న మన జగిత్యాల వైపు ఆ బెంగని ఎవరికీ వివరించనవసరం లేదు.

ఇంతకీ నా కంప్లైంట్ ఏంటంటే, ఈ రెండు పాటలు విన్నాక మూడోది, నాలుగోది అదే మూడ్‌లో రావాలనిపిస్తుంది. యూట్యూబ్ మాత్రం ఆటోప్లేలో ఒక బరాత్ పాట ఎక్కిస్తుంది. విడివిడి పాటల్లో ఇదే ఇబ్బంది. పాట తర్వాత ఏ పాట రావాలో పాడినవాడు కాకుండా యాప్ నిర్ణయిస్తుంది.

టెస్ట్ 1: కోరుట్ల, ఫోన్ స్పీకర్

జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి వైపు బీడీలు చుట్టే ఇళ్ళు ఎన్నో మీకు తెలుసు. ఒళ్ళో చాట, అందులో తునికాకు, తంబాకు. పక్కన గోడకి ఆనించిన ఫోన్‌లో పాటలు. రెండు చేతులూ పనిలో ఉంటాయి కాబట్టి పాట మార్చడం, సౌండ్ తగ్గించడం కుదరదు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే పక్కవాళ్ళతో మాట్లాడటం కుదరదు. అందుకే ఫోన్ స్పీకరే. మన పాటలకి అసలైన మ్యూజిక్ సిస్టమ్ ఇదేనని నా అభిప్రాయం. రివ్యూల్లో మనం ఒక లైన్‌లో కొట్టిపడేసే "బాటమ్ ఫైరింగ్ సింగిల్ స్పీకర్".

ఇలాంటి చిన్న స్పీకర్‌లో బేస్ దాదాపు రాదు. డ్రైవర్ సైజు చిన్నది, అది నెట్టగలిగే గాలి తక్కువ. కొన్ని వందల హెర్ట్జ్ కిందికి వెళ్ళేకొద్దీ సౌండ్ పడిపోతుంది. గొంతు, చప్పట్లు, గజ్జెలు మాత్రం క్లియర్‌గా వస్తాయి. రెగే పాటకి ఇది దెబ్బ. రెగేలో గిటార్ బీట్ మధ్యలో "చక్... చక్" అని పడుతుంది, పాటని నడిపించేది బేస్ గిటార్. ఫోన్ స్పీకర్ మీద చౌరస్తా పాట పెడితే ఆ నడక పోతుంది. గొంతు, చక్ చక్ మాత్రం మిగులుతాయి. అయినా పాట నిలబడింది. ఎందుకంటే గొంతు మీద ఇంకేమీ కప్పలేదు, మాట మాటా వినిపిస్తుంది.

తర్వాత 2024లో ఊపేసిన 'రాను బొంబాయికి రాను' పెట్టా. రాము రాథోడ్, ప్రభ పాడారు, మ్యూజిక్ కళ్యాణ్ కీస్. కోట్లలో వ్యూస్ ఊరికే రాలేదు. ఆ పాట ఫోన్ స్పీకర్ మీద చౌరస్తా కన్నా బాగుంది, ఒప్పుకోవాల్సిందే. ఆడ గొంతు, మగ గొంతు ఒకరి తర్వాత ఒకరు మాట్లాడుకున్నట్టు వస్తారు. హుక్ రెండోసారికే నోటికొచ్చేస్తుంది. 2021లో మోహన భోగరాజు పాడిన 'బుల్లెట్టు బండి' కూడా అంతే. లక్ష్మణ్ మాటలు, ఎస్.కె. బాజీ మ్యూజిక్. పెళ్ళికూతురు తన గురించి తను చెప్పుకుంటున్న తీరు ఆ చిన్న స్పీకర్‌లో కూడా చక్కగా అందుతుంది. ఈ రౌండ్ ఫోక్ పాటలదే.

టెస్ట్ 2: సిరిసిల్ల, సాంచల చప్పుడు

కోరుట్ల నుంచి కథలాపూర్, రుద్రంగి మీదుగా వేములవాడ, అక్కడి నుంచి సిరిసిల్ల. బస్సులో ఏఎన్‌సీ పని చక్కగా చేసింది. ఇంజిన్ మోత తగ్గింది, 'మాయ'లో బేస్ మొదటిసారి పూర్తిగా వినిపించింది. పాట మొత్తం మారిపోయినట్టే ఉంది. ఫోన్ స్పీకర్ మీద ఆగి ఆగి నడిచిన పాట ఇక్కడ ఊగుతూ నడిచింది.

సిరిసిల్లలో బి.వై. నగర్ వైపు వెళ్తే వీధిలోనే పవర్‌లూమ్ చప్పుడు మొదలవుతుంది. అక్కడ వాటిని సాంచలు అంటారు. షెడ్డులో ఒక్కో కార్మికుడు ఒకేసారి చాలా సాంచలు చూసుకోవాలి. ఆ మోతలో కూడా చాలామంది చెవుల్లో ఇయర్‌ఫోన్స్ ఉంటాయి.

ఏఎన్‌సీ బలం, బలహీనత రెండూ షెడ్డు గుమ్మంలోనే తెలిసిపోయాయి. బయటి శబ్దాన్ని మైక్ పట్టుకుని, దానికి ఎదురు తరంగం తయారు చేసి రెండింటినీ కొట్టేయడమే ఏఎన్‌సీ. బస్సు ఇంజిన్‌లా ఒకే తీరుగా వచ్చే కింది స్థాయి మోత మీద ఇది బాగా పనిచేస్తుంది. సాంచలో నాడె అటూ ఇటూ కొట్టుకునే "టక్ టక్" అలాంటిది కాదు. ఒక్కసారిగా పుట్టి ఆగిపోయే దెబ్బ అది, అందులో పై స్థాయి శబ్దం ఎక్కువ. బడ్స్ మోటార్ గుర్రుని తగ్గించాయి గానీ ఆ టక్ టక్‌ని అలాగే వదిలేశాయి. దాన్ని ఆపగలిగేది చెవిలో బిగుతుగా కూర్చునే రబ్బర్ టిప్ ఒక్కటే. అందుకే బాక్స్‌లో వచ్చే మూడు సైజుల టిప్స్‌నీ ట్రై చేయండి. చాలామంది మీడియం పెట్టుకుని వదిలేస్తారు.

ఇక్కడ పాట సంగతి పక్కన పెట్టి ఒక మాట చెప్పాలి. షెడ్డు శబ్దం మామూలుగానే 90 డెసిబెల్స్ చుట్టుపక్కల ఉంటుంది. దాని మీద పాట వినబడాలంటే వాల్యూమ్ ఇంకా పెంచాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్ళు వారానికి 40 గంటల పాటు 80 డెసిబెల్స్ దాకా వినొచ్చు. 90 దగ్గర ఆ టైమ్ వారానికి 4 గంటలకి పడిపోతుంది. ప్రతి 3 డెసిబెల్స్‌కీ టైమ్ సగమవుతుందన్నమాట. అంటే షెడ్డులో ఒక్క పూటకే వారం కోటా అయిపోతుంది. సాంచల మధ్య పాటలు వినే తమ్ముళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, అక్కడ కావాల్సింది చెవుల్లో ఇయర్ ప్లగ్స్. పాట బయటికొచ్చాక విందాం.

షెడ్డు బయట చాయ్ హోటల్ దగ్గర కూర్చుని మిగతా ప్లేలిస్టు విన్నా. రెండు పాటలు అయ్యాక, మూడో ఫోక్ పాటకే చెవులు అలసిపోయాయి. దానికి కారణం సాంచలు కాదు, పాటే. ఎందుకో తర్వాతి రౌండ్‌లో తేలింది.

టెస్ట్ 3: జగిత్యాల, వైర్డ్ ఇయర్‌ఫోన్స్

ఇంట్లో, రాత్రి, ఫ్యాన్ కూడా ఆపేసి విన్నా. ఇక్కడ ప్రతి మిక్స్ బండారం బయటపడుతుంది.

మన వైపు వచ్చే ఫోక్ పాటల్లో చాలావాటికి ఇద్దరు కస్టమర్లు. ఒకటి ఫోన్ స్పీకర్, రెండోది బరాత్‌లో డీజే బాక్సులు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చునేవాడు లెక్కలో లేడు. డీజే కోసం కిక్ డ్రమ్‌ని, డప్పు శాంపిల్‌ని గోడలా నింపేస్తారు. పాట మొదటి సెకను నుంచి చివరి సెకను దాకా ఒకే లెవెల్. గొంతు దాని మీద తేలాలని దాన్నీ గట్టిగా నొక్కేస్తారు. ఊపిరి తీసుకున్న చప్పుడు కూడా పాటంత పెద్దగా వస్తుంది. అలాంటివి మూడు వరుసగా వింటే చెవి అలసిపోదా మరి!

దీన్ని మీరే చెక్ చేసుకోవచ్చు. యూట్యూబ్‌లో పాట మీద "స్టాట్స్ ఫర్ నెర్డ్స్" ఆన్ చేయండి. అందులో కంటెంట్ లౌడ్‌నెస్ అని ఒక నంబర్ ఉంటుంది. అది ప్లస్‌లో ఎంత ఎక్కువుంటే పాట అంత గట్టిగా మాస్టర్ చేసినట్టు. యూట్యూబ్ ఆ పాటని సుమారు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ అనే లెవెల్‌కి దించి వినిపిస్తుంది. అంటే మైనస్ 8 దగ్గర చేసిన పాటని 6 డెసిబెల్స్ తగ్గించేస్తుంది. గట్టిగా చేస్తే పక్క పాట కన్నా ముందుంటామన్న లెక్క యూట్యూబ్‌లో చెల్లదు. సౌండ్ తగ్గిపోతుంది, నొక్కేసిన నష్టం మాత్రం మిగిలిపోతుంది. ఆ లాభం ఉండేది ఫైల్‌ని నేరుగా పెన్‌డ్రైవ్‌లో పెట్టి వాయించే డీజే దగ్గరే.

ఇంకో అపోహ కూడా. "నా బడ్స్‌లో ఎల్‌డాక్ ఉంది, 990 కేబీపీఎస్" అని మురిసిపోకండి. మామూలు యూట్యూబ్‌లో ఆడియో వచ్చేదే 128 నుంచి 160 కేబీపీఎస్ దగ్గర. చిన్న బకెట్ నీళ్ళని పెద్ద పైపులో పోసినట్టు. ఈ పాటల్లో తేడా తెస్తున్నది కోడెక్ కన్నా మిక్సే.

తర్వాత 'బలగం' పెట్టా. 2023 మార్చి 3న వచ్చిన సినిమా. డైరెక్టర్ వేణు యెల్దండిది సిరిసిల్ల వైపే, సినిమా తీసిందీ అక్కడి ఊళ్ళలోనే. మ్యూజిక్ భీమ్స్ సిసిరోలియో. మంగ్లీ, రామ్ మిరియాల పాడిన 'ఊరు పల్లెటూరు' పాటకి రాసిన కాసర్ల శ్యామ్‌కి 71వ జాతీయ అవార్డుల్లో ఉత్తమ గేయ రచయిత అవార్డు వచ్చింది. చౌరస్తా గొంతు తిరిగి తిరిగి మన సిరిసిల్లకే వచ్చిందని నాకు భలే సంబరం. ఇది సినిమా కాబట్టి ఇండీ లెక్కలోకి రాదు, తెలుసు. కానీ వరుసగా వింటే, ఒక ఊరు, ఒక ఇల్లు, ఒక చావు చుట్టూ తిరిగే పాటలు ఒకదానికొకటి చుట్టాల్లా ఉంటాయి. మన ప్రాంతం నుంచి ఆల్బమ్ అనిపించుకోదగ్గది నాకు ఇదే.

చివర్లో బుడగ జంగాల కళాకారులు మొగిలయ్య, కొమురమ్మ దంపతుల పాట వస్తుంది. ఈయన కిన్నెర మొగులయ్య కాదు, వేరు. వరంగల్ వైపు దుగ్గొండి మండలం వాళ్ళు. సినిమాలో కంటనీరు వల్ల సరిగా వినలేదు గానీ, ఇయర్‌ఫోన్స్‌లో వింటే ఆ గొంతుల్లో గరుకు, పదం చివర విరిగే తీరు, ఒకరి మాటని ఇంకొకరు అందుకోవడం అన్నీ తెలుస్తాయి. మొగిలయ్య గారు 2024 డిసెంబర్‌లో చనిపోయారు. ఆ గొంతు ఇంత శుభ్రంగా మనకి మిగిలిందంటే ఒక సినిమా వాళ్ళు మంచి మైక్ పెట్టి, ఆ పాటకి చోటిచ్చారు కాబట్టే. మన ఊళ్ళలో ఒగ్గు కథ, శారద కథ చెప్పేవాళ్ళు, బతుకమ్మ పాటలు నోటికొచ్చిన అమ్మమ్మలు ఇంకా ఉన్నారు. వాళ్ళ దగ్గరికి ప్రతిసారీ సినిమా రాదు కదా.

అసలు పోయేదేంటి?

బతుకమ్మ పాటనే తీసుకోండి. దానికి వాయిద్యం లేదు. చప్పట్లే తాళం. ఇరవై మంది ఆడవాళ్ళు గుండ్రంగా తిరుగుతూ చప్పట్లు కొడితే అవి సరిగ్గా ఒకే క్షణంలో పడవు. కాస్త ముందూ వెనకా పడతాయి. ఆ చిన్న తేడానే వింటున్నవాడికి చుట్టూ మనుషులున్నట్టు అనిపించేలా చేస్తుంది. ప్రతి ఏడాదీ పండక్కి ముందు వచ్చే డీజే వెర్షన్లలో ఆ చప్పట్లు పోయి ఒక శాంపిల్ వస్తుంది. ప్రతి దెబ్బా మిల్లీసెకను తేడా లేకుండా ఒకేలా. ఊపు వస్తుంది, ఆ మనుషులు పోతారు. డీజే వెర్షన్ వద్దనడం లేదు, బరాత్‌లో నేనూ ఎగురుతా. ఆ ఒక్క వెర్షనే మిగలడం నాకు నచ్చలేదు.

క్రెడిట్ సంగతి కూడా ఇక్కడే ఉంది. 2021లో 'లవ్ స్టోరీ' సినిమాలో 'సారంగ దరియా' వచ్చినప్పుడు ఆ జానపదం ముందు ఎవరు పాడారు, ఎవరి పేరు వేయాలి అని పెద్ద చర్చ నడిచింది. పాట ఎక్కడిది, ఎవరి దగ్గర విన్నాం అన్నది రికార్డుతో పాటు రాసిపెడితే సగం గొడవ ఉండదు. డిస్క్రిప్షన్‌లో ఎడిటర్, డీఐ, డ్రోన్ ఆపరేటర్ పేర్లుంటాయి. పాట నేర్పిన అవ్వ పేరు మాత్రం కనిపించదు.

మన వైపు బ్యాండ్ వస్తే నాకేం కావాలి?

కెమెరా, ఫోన్, ఇంటర్నెట్ ఉంటే ఊరి నుంచే ఏదైనా చేయొచ్చని మన జిల్లా ఎప్పుడో చూపించింది. మల్యాల మండలం లంబాడిపల్లిలో 2012లో మొదలైన 'మై విలేజ్ షో' గంగవ్వని రాష్ట్రమంతటికీ పరిచయం చేసింది. పాటల్లో అలాంటిది ఎందుకు కాదు? నా కోరికల లిస్టు చిన్నదే.

ఒకటి, ఒక్క పాట బదులు ఐదారు పాటలు కలిపి, వరుస పెట్టి వదలండి. వీడియో ఒక్కదానికే చాలు. మిగతా డబ్బు రికార్డింగ్ మీద పెట్టండి.

రెండు, ప్రతి పాటకి రెండు మిక్స్‌లు చేయండి. డీజే వాళ్ళకి ఒకటి, చెవులకి ఒకటి. చెవుల మిక్స్‌లో గొంతుకి కాస్త చోటు వదలండి. మైనస్ 8కి తొక్కాల్సిన పని లేదు.

మూడు, ఒరిజినల్ రికార్డింగ్‌ని వేవ్ ఫైల్‌గా రెండు చోట్ల దాచండి. వాట్సాప్‌లో తిరిగిన ఎంపీ3 నుంచి పాత గొంతుని ఎవరూ బాగుచేయలేరు.

నాలుగు, పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారో పేరు రాయండి.

ఇక మన వంతు. బడ్స్ కొన్నప్పుడు టెస్ట్ చేయడానికి ఇంగ్లిష్ రివ్యూల్లో చెప్పే పాటలే పెట్టాలని రూలేం లేదు. బేస్ కోసం చౌరస్తా 'మాయ' పెట్టండి. బేస్ గిటార్ నోట్లు విడివిడిగా వినిపిస్తున్నాయా, ఒకే గుంయ్ అని వస్తోందా చూడండి. ఆడ మగ గొంతులు విడిగా, సహజంగా ఉన్నాయా అంటే 'ఊరు పల్లెటూరు'. గరుకు గొంతులో వివరాల కోసం మొగిలయ్య, కొమురమ్మల పాట. పదునెక్కువై చెవి గుచ్చుకుంటోందా అంటే ఏ డీజే ఫోక్ పాటైనా చాలు, ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది. ఈ నాలుగూ మీకు బాగా తెలిసిన పాటలు కాబట్టి తేడా తొందరగా పట్టుకుంటారు.

నా వర్డిక్ట్

హుక్, మాట, ఊపు: మన ఫోక్ పాటలకి పదికి తొమ్మిది. ఫోన్ స్పీకర్ మీద వాటిని కొట్టేవి లేవు. వినే కొద్దీ ఇంకా వినాలనిపించడం: చౌరస్తాకి ఎనిమిది. ఆ రెండు మార్కులూ తర్వాతి పాట కోసం యాప్ మీద ఆధారపడాల్సి వచ్చినందుకు తగ్గించా. మొదటి నుంచి చివరి దాకా కలిపి వినడం: 'బలగం'కి తొమ్మిది, అదీ సినిమా డబ్బుతో వచ్చింది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల నుంచి ఒక బ్యాండ్ చేసిన, బొమ్మ లేకుండా వినగలిగే ఆల్బమ్ దగ్గర మాత్రం నా మార్కుల కాలమ్ ఖాళీగానే ఉంది. పాడేవాళ్ళకి కొదవ లేదు, వినే బడ్స్ మన జేబుల్లోనే ఉన్నాయి. ఎవరైనా ఐదు పాటలు వరుస పెట్టి వదిలితే మొదటి రోజే స్క్రీన్ ఆఫ్ చేసి వింటా.